ఖాతా పుస్తకాన్ని సరిచూసేదెవరు? క్రిప్టో భద్రతలో ఫుల్ నోడ్‌ల పాత్ర

ఉక్కు నగరం భిలాయి పేరు 2023లో దేశమంతటా మారుమోగింది. కారణం రైలు పట్టాలు కాదు. మహదేవ్ ఆన్‌లైన్ బుక్ అనే బెట్టింగ్ వ్యవస్థను ఈ ఊరికి చెందిన ఇద్దరు వ్యక్తులు దుబాయి నుంచి నడుపుతున్నారని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపించింది. ఆ ఏడాది సెప్టెంబరులో 417 కోట్ల రూపాయల విలువైన ఆస్తులను స్తంభింపజేసినట్టు ఆ సంస్థ ప్రకటించింది. నవంబరు 5న కేంద్ర ప్రభుత్వం మహదేవ్ సహా 22 యాప్‌లు, వెబ్‌సైట్ల మీద నిషేధం విధించింది. వ్యవహారం ఇప్పటికీ న్యాయస్థానాల పరిధిలోనే ఉంది.

నేరం రుజువవుతుందా లేదా అన్నది కోర్టులు తేల్చవలసిన విషయం. కానీ దర్యాప్తు సంస్థ వర్ణించిన పద్ధతిలో అందరూ గమనించవలసిన అంశం ఒకటుంది. ఆటగాడు ఎవరో చెప్పిన బ్యాంకు ఖాతాకు డబ్బు పంపుతాడు. అతని ఫోన్ తెర మీద ఒక అంకె కనబడుతుంది. గెలిస్తే ఆ అంకె పెరుగుతుంది, ఓడితే తరుగుతుంది. ఆ అంకె వెనుక ఉన్న అసలు ఖాతా పుస్తకం మాత్రం నడిపేవారి చేతిలోనే ఉంటుంది. అందులో ఏమి రాశారో, ఎవరు దిద్దారో చూసే దారి ఆటగాడికి లేదు. మొత్తం మీద నిర్వాహకులకు నష్టం రాకుండా ఆటలను మలిచారని కూడా ఈడీ ఆరోపించింది. నిజంగా అలా మలిచి ఉంటే, పట్టుకునే సాధనమేదీ డబ్బు పెట్టినవారి దగ్గర లేదు.

బిట్‌కాయిన్ వంటి క్రిప్టో కరెన్సీలను బెట్టింగుతో కలిపి చూసేవారు మన సమాజంలో చాలామంది ఉన్నారు. ధరల ఊగిసలాటను చూస్తే ఆ అనుమానంలో తప్పు పట్టవలసింది లేదు. అయితే నిర్మాణం దృష్ట్యా రెండింటికీ ఒక మౌలికమైన తేడా ఉంది. బిట్‌కాయిన్ ఖాతా పుస్తకం పూర్తి ప్రతిని ఎవరైనా తమ ఇంటి కంప్యూటరులో ఉంచుకోవచ్చు. 2009 జనవరి 3న రాసిన మొదటి పుట నుంచి నేటి చివరి పుట దాకా ప్రతి పద్దునూ సొంతంగా తనిఖీ చేసుకోవచ్చు. ఆ పని చేసే కంప్యూటరునే ఫుల్ నోడ్ అంటారు. ఈ సదుపాయం అందరికీ ఉంది. దాన్ని వాడుకునేవారు మాత్రం బహు తక్కువ.

తెలుగు పల్లెల అనుభవంతో పోల్చితే విషయం సులభంగా బోధపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1984 జనవరిలో కరణం, మునసబు పదవులను రద్దు చేసేదాకా గ్రామ భూముల లెక్క కరణంగారి దస్త్రంలో ఉండేది. అడంగల్‌లో ఎవరి పేరుంటే భూమి వారిది. రైతుకు చదవడం రాకపోవచ్చు, వచ్చినా దస్త్రం చూపించమని అడిగే ధైర్యం ఉండకపోవచ్చు. మంచి కరణం ఉన్న ఊరు బాగుపడింది, లేని ఊరు కోర్టుల చుట్టూ తిరిగింది. ప్రతి రైతు ఇంట్లోనూ అడంగల్ పూర్తి ప్రతి ఉండి, అందరి ప్రతులూ పది నిమిషాలకొకసారి తమంతట తామే సరిచూసుకుంటూ ఉంటే ఎలా ఉండేదో, ఫుల్ నోడ్‌ల వలయం దాదాపు అలాంటిది.

పట్టాలు చేసేవారు, పట్టాలు పరీక్షించేవారు

భిలాయి ఉక్కు కర్మాగారానికి పునాది 1955 ఫిబ్రవరి నాటి భారత, సోవియట్ ఒప్పందం. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పటి నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి విజయనగరం, రాయపూర్ రైలు మార్గం మీదుగా ఇక్కడికి తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. ఆ కుటుంబాల్లో ఒక విషయం చిన్నపిల్లలకు కూడా తెలుసు. పట్టా తయారుచేసే మిల్లు వేరు, ఆ పట్టాను పరీక్షించి ముద్ర వేసే తనిఖీ వేరు. ద్రవ ఉక్కులో హైడ్రోజన్ 10 లక్షల పాళ్లలో 1.6 పాళ్లకు మించరాదని రైల్వే ప్రమాణం చెబుతుంది. చల్లారిన పట్టాను అల్ట్రాసోనిక్ పరీక్షకు గురిచేస్తారు. మిల్లు ఎంత శ్రమించి చేసినా, ఎంత బొగ్గు, ఎంత విద్యుత్తు ఖర్చయినా, ప్రమాణానికి తూగని పట్టా రైలు మార్గం మీదికి వెళ్లదు.

క్రిప్టో వలయంలో మైనర్లు మిల్లు వంటివారు. భారీగా విద్యుత్తు ఖర్చు చేసి, కఠినమైన గణిత పందెంలో నెగ్గి, లావాదేవీలను బ్లాకులుగా పేర్చుతారు. ఫుల్ నోడ్‌లు తనిఖీదారుల వంటివి. వచ్చిన ప్రతి బ్లాకునూ నోడ్ విప్పి చూస్తుంది. పంపినవారి డిజిటల్ సంతకం సరైనదా? ఆ నాణేన్ని అంతకుముందే మరెక్కడైనా ఖర్చు చేశారా? వచ్చినదానికంటే ఎక్కువ మొత్తం బయటికి పోతోందా? మైనరు తనకు తాను రాసుకున్న ప్రతిఫలం నిబంధన ప్రకారమే ఉందా? 2024 ఏప్రిల్ నుంచి ఆ ప్రతిఫలం బ్లాకుకు 3.125 బిట్‌కాయిన్లు, దానికి తోడు లావాదేవీల రుసుము. ఎవరైనా 4 నాణేలు రాసుకుంటే, ఆ బ్లాకు వెనుక ఎంత విద్యుత్తు ఖర్చయి ఉన్నా నోడ్ దాన్ని నిర్దాక్షిణ్యంగా తోసివేస్తుంది. మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలకు మించవన్న ప్రసిద్ధ హామీకి ఆధారం ఏ కంపెనీ వాగ్దానమూ కాదు. వేలాది నోడ్‌లు వేటికవిగా చేసే ఈ తిరస్కారమే దానికి ఆధారం.

పోలికకు ఒక హద్దు ఉందని కూడా చెప్పుకోవాలి. రైల్వే తనిఖీదారుకు జీతం వస్తుంది. ఫుల్ నోడ్ నడిపేవారికి పైసా రాదు. మైనింగ్‌కూ నోడ్‌కూ తేడా తెలియక, నోడ్ పెడితే నాణేలు వస్తాయని నమ్మించే ప్రకటనలు సామాజిక మాధ్యమాల్లో కోకొల్లలు. బిట్‌కాయిన్ విషయంలో ఆ మాట పూర్తిగా అబద్ధం.

2015 జులై 4న ఏమి జరిగింది?

తనిఖీ లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు చరిత్రలో స్పష్టమైన జవాబులున్నాయి. 2010 ఆగస్టు 15న ఒక ప్రోగ్రామ్ లోపాన్ని ఉపయోగించుకుని ఎవరో ఒకే లావాదేవీలో 18,400 కోట్లకు పైగా బిట్‌కాయిన్లు సృష్టించారు. 74638వ బ్లాకులో అది నమోదైంది. కొద్ది గంటల్లోనే సవరించిన ప్రోగ్రామ్ విడుదలైంది. నోడ్‌లు నడిపేవారు దాన్ని ఎక్కించుకున్నాక పాత వరుసను వదిలి, ఆ దొంగ నాణేలు లేని కొత్త వరుస వైపు వలయం మళ్లింది. అప్పటికి బిట్‌కాయిన్ వయసు రెండేళ్లు కూడా లేదు, వాడేవారూ కొద్దిమందే, కనుక నష్టం పెద్దగా జరగలేదు.

అంతకంటే ఎక్కువగా ఆలోచింపజేసే ఘటన 2015లో జరిగింది. డిజిటల్ సంతకాల నమూనాను కట్టుదిట్టం చేసే కొత్త నిబంధన ఆ జులై 4న అమల్లోకి వచ్చింది. చివరి 1,000 బ్లాకుల్లో 950 బ్లాకులు సమ్మతి తెలిపాకే అమలు మొదలైంది. అంటే మైనర్లలో అత్యధికులు కొత్త నిబంధనను పాటిస్తామని ముందే ప్రకటించారు. ఇంతలో ప్రోగ్రామ్‌ను మార్చుకోని ఒక చిన్న మైనరు పాత పద్ధతిలో చెల్లని బ్లాకును తయారుచేశాడు. దాన్ని మిగిలినవారు పక్కన పెట్టవలసింది. కానీ కొన్ని పెద్ద మైనింగ్ సమూహాలు సమయం ఆదా చేసుకోవడానికి ఎదుటివారి బ్లాకును విప్పి చూడకుండానే దాని మీద తమ బ్లాకును పేర్చే అలవాటులో ఉన్నాయి. సమ్మతి ముద్ర వేసిన చేతులే తనిఖీ మానేశాయి. ఫలితంగా చెల్లని బ్లాకు మీద మరికొన్ని చేరి, 6 బ్లాకుల తప్పుడు వరుస ఏర్పడింది.

ఆ సమయంలో ఎవరు సురక్షితంగా ఉన్నారన్నదే ముఖ్యం. తాజా ఫుల్ నోడ్ నడుపుతున్నవారికి ఏమీ కాలేదు. వారి కంప్యూటర్లు ఆ ఆరు బ్లాకులనూ చెత్తగా భావించి పక్కన పెట్టాయి. మొబైల్‌లో తేలికపాటి వాలెట్ వాడేవారి పరిస్థితి వేరు. అలాంటి వాలెట్ పూర్తి బ్లాకును చూడదు. ఒక్కొక్కటి 80 బైట్లు ఉండే బ్లాకు శీర్షికలను మాత్రమే తెచ్చుకుని, ఏ వరుస వెనుక ఎక్కువ గణన శ్రమ ఉందో దాన్నే నిజమని నమ్ముతుంది. అట్ట చూసి పుస్తకాన్ని నమ్మడం లాంటిది అది. కనుక ఆ వాలెట్లకు చెల్లని వరుస కూడా చెల్లుబాటు అయినట్టే కనిపించింది. సాధారణంగా ఆరు నిర్ధారణలు వస్తే సొమ్ము ముట్టినట్టేనని వ్యాపారులు భావిస్తారు. తేలికపాటి వాలెట్లు వాడేవారు అదనంగా మరో 30 నిర్ధారణల దాకా ఆగాలని అప్పుడు హెచ్చరిక జారీచేయవలసి వచ్చింది. మైనర్లు పోగొట్టుకున్న ఆదాయం 50 వేల డాలర్లకు పైగా ఉంటుందని అంచనా.

దుర్బుద్ధితో ఎవరూ దాడి చేయలేదు. కొద్దిపాటి ఆదాకోసం పరీక్షను దాటవేయడంతో ఇంత జరిగింది.

రెండేళ్ల తరువాత ఇదే శక్తి మరో రూపంలో కనిపించింది. 2017 మే నెలలో న్యూయార్క్‌లో 50కి పైగా క్రిప్టో కంపెనీలు సమావేశమై బ్లాకు పరిమాణాన్ని రెట్టింపు చేయాలని నిర్ణయించాయి. మైనింగ్ శక్తిలో 80 శాతానికి పైగా తమ వెంట ఉందని ప్రకటించాయి. మామూలు లెక్కలో అది తిరుగులేని ఆధిక్యం. కానీ సొంత నోడ్‌లు నడిపే వినియోగదారులు, ప్రోగ్రామర్లలో పెద్ద భాగం ఆ మార్పును తమ కంప్యూటర్లలోకి రానివ్వబోమని తేల్చిచెప్పారు. చెల్లదని అందరూ తోసిపుచ్చే నాణేన్ని తవ్వి మైనరు ఏమి చేసుకోగలడు? నవంబరు 8న ఆ ప్రయత్నాన్ని విరమించుకున్నట్టు దాని ప్రతిపాదకులే ప్రకటించారు.

నోడ్ ఆపలేనివి

ఈ ఉదంతాలను చూపి ఫుల్ నోడ్‌ను సర్వరోగ నివారిణిగా ప్రచారం చేసేవారున్నారు. అది అతిశయోక్తి.

మైనింగ్ శక్తిలో సగానికి పైగా ఒకరి గుప్పిట్లో పడితే, నిబంధనలను ఉల్లంఘించకుండానే వారు ఇటీవలి లావాదేవీల క్రమాన్ని తిరగరాయగలరు. ఎథీరియం క్లాసిక్ అనే నాణెం 2019 జనవరిలోనూ, 2020 ఆగస్టులోనూ అలాంటి దాడులకు గురైంది. ఆ బ్లాకులన్నీ నిబంధనల ప్రకారం సరైనవే కనుక నోడ్‌లు వాటిని అంగీకరించక తప్పలేదు. నోడ్ దొంగ నాణేన్ని ఆపుతుంది, ఇతరుల సొమ్మును సంతకం లేకుండా లాక్కోవడాన్ని ఆపుతుంది. ఇచ్చిన నాణేన్నే వెనక్కు తీసుకుని మరొకరికి ఇవ్వడాన్ని ఆపలేదు.

నోడ్‌ల సంఖ్యను బట్టి భద్రతను కొలవడం కూడా సరికాదు. బయటినుంచి వచ్చే అనుసంధానాలను స్వీకరించే బిట్‌కాయిన్ నోడ్‌లు ప్రపంచవ్యాప్తంగా 15 వేలకు పైగా ఉన్నాయని గణాంకాలు చెబుతాయి. ఒకే వ్యక్తి క్లౌడ్ కంప్యూటర్లను అద్దెకు తీసుకుని రేపే మరో వెయ్యి నోడ్‌లు పెట్టగలడు. దాంతో వలయం బలం వీసమెత్తు కూడా పెరగదు. తలలు లెక్కపెట్టే ఓటింగులో దొంగ ఓట్లు సులభం కనుకనే బిట్‌కాయిన్‌లో బ్లాకుల వరుసను గణన శ్రమ నిర్ణయిస్తుంది. నోడ్‌కు విలువ వచ్చేది దాని యజమాని ఆ నోడ్ చెప్పిన మాట మీద సరుకు అమ్మినప్పుడు, జీతం తీసుకున్నప్పుడు, సొమ్ము ముట్టిందని రసీదు ఇచ్చినప్పుడు.

నోడ్ ఎవరితో మాట్లాడుతోందన్నది కూడా ముఖ్యమే. చుట్టూ ఉన్న పొరుగు నోడ్‌లన్నీ ఒకే మోసగాడివైతే, నిజాయితీగల నోడ్ కూడా గ్రహణం పట్టినట్టు లోకం నుంచి వేరుపడిపోతుందని 2015లో బోస్టన్ విశ్వవిద్యాలయం, జెరూసలెం హీబ్రూ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. ఆ తరువాత ప్రోగ్రామ్‌లో పలు రక్షణలు చేర్చారు.

ఇక మన దేశంలో అత్యధిక మదుపరులకు జరిగిన నష్టంతో నోడ్‌లకు సంబంధమే లేదు. 2024 జులై 18న వజీర్ఎక్స్ ఎక్స్ఛేంజి నుంచి దాదాపు 2,000 కోట్ల రూపాయల విలువైన క్రిప్టో ఆస్తులు చోరీ అయ్యాయి. ఖాతాదారులు తమ సొమ్ము కోసం ఏడాదికి పైగా ఎదురుచూడవలసి వచ్చింది. ఎక్స్ఛేంజిలో నాణేలు ఉంచినవారి దగ్గర నిజానికి ఉన్నది నాణెం కాదు, ఆ సంస్థ రాసిచ్చిన బాకీ. అక్కడ సరిచూడవలసిన పుస్తకం మళ్లీ మరొకరి చేతిలోనే ఉంది. నెలకు 10 శాతం చొప్పున 18 నెలల ఆదాయం ఆశ చూపి, చివరికి ఎంక్యాప్ అనే సొంత నాణెం అంటగట్టిన గెయిన్‌బిట్‌కాయిన్ పథకం గురించి వేరే చెప్పనక్కరలేదు.

మధ్యవర్తి మళ్లీ వచ్చాడు

నోడ్ నడపడం భారమైనకొద్దీ ఆ పనిని కొద్దిమంది పెద్ద సంస్థలకు అప్పగించే ధోరణి పెరుగుతుంది. ఎథీరియం వలయంలో ఇన్‌ఫ్యూరా అనే సంస్థ వేలాది యాప్‌లకు నోడ్ సేవలు అందిస్తుంది. 2020 నవంబరు 11న ఆ సంస్థ వాడుతున్న పాత ప్రోగ్రామ్ రకం మిగిలిన వలయంతో విభేదించి నిలిచిపోయింది. ఎథీరియం నడుస్తూనే ఉంది. కానీ మెటామాస్క్ వంటి వాలెట్లలో నిల్వలు సరిగా కనబడలేదు. బైనాన్స్ సహా కొన్ని ఎక్స్ఛేంజీలు ఎథీరియం ఉపసంహరణలను తాత్కాలికంగా నిలిపివేశాయి. మధ్యవర్తి అక్కరలేదని చెప్పుకునే వ్యవస్థలోకి మధ్యవర్తి వెనుక గుమ్మం గుండా వచ్చి కూర్చున్నాడని ఆ రోజు బయటపడింది.

బిట్‌కాయిన్‌లో బ్లాకులను చిన్నవిగా ఉంచాలన్న పట్టుదలకు మూలం ఇదే. దాని ఖాతా పుస్తకం ఇప్పటికే 600 జీబీ దాటింది. భిలాయి సెక్టార్లలోని ఒక సాధారణ ఇంటికి ఇది మోయలేని బరువు కాదు. ఒక టెరాబైటు లేదా రెండు టెరాబైట్ల డిస్కు, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు, రోజంతా ఆగని ఇంటర్నెట్ ఉంటే చాలు. చాలా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ పథకాల్లో ఉండే నెలకు 3,300 జీబీ పరిమితిలో మొదటి దిగుమతి పూర్తవుతుంది. డిస్కు చిన్నదైతే, పుస్తకమంతా ఒకసారి తనిఖీ చేసి పాత పుటలను తొలగించుకునే పద్ధతి కూడా ఉంది. మన ఇంటి కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ చిరునామా ఉండదు కనుక ఆ నోడ్ బయటివారికి సేవ చేయలేకపోవచ్చు. యజమాని కోసం చేసే తనిఖీకి మాత్రం లోటు రాదు. నోడ్ నడపడాన్ని నిషేధించే ప్రత్యేక చట్టం దేశంలో లేదు. 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, అదే ఏడాది జులై నుంచి 1 శాతం మూలంలో పన్ను కోత, రెండూ క్రిప్టో బదిలీలకు సంబంధించినవే.

దీనికి భిన్నంగా, వేగాన్ని ప్రధానంగా ఎంచుకున్న సొలానా వంటి వలయాల్లో నోడ్‌కు వందల జీబీల మెమరీ, డేటా సెంటర్ స్థాయి అనుసంధానం కావాలి. లావాదేవీ రెప్పపాటులో పూర్తవుతుంది. కానీ దాన్ని సరిచూసే అవకాశం ఇంటి గడప దాటి పోతుంది. 2021 సెప్టెంబరులో ఆ వలయం సుమారు 17 గంటలు నిలిచిపోయింది. వేగం వద్దని ఎవరూ అనరు. దాని ధర ఏ పద్దు కింద రాశారో తెలియాలి.

ఈ చర్చ పాతబడలేదు. 2025 అక్టోబరులో వెలువడిన బిట్‌కాయిన్ కోర్ 30వ సంచిక, లావాదేవీలకు జతచేసే ఇతర సమాచారానికి అంతవరకు ఉన్న 83 బైట్ల పరిమితిని 1 లక్ష బైట్లకు పెంచింది. ఖాతా పుస్తకాన్ని బొమ్మలు, ఫైళ్లతో నింపడానికి ఇది తలుపులు తెరుస్తుందని అభ్యంతరపడినవారు నాట్స్ అనే ప్రత్యామ్నాయ ప్రోగ్రామ్‌కు మారారు. కొన్ని నెలల్లోనే బయటికి కనబడే నోడ్‌లలో దాని వాటా 20 శాతం దాకా చేరింది. నిరసనగా ఇది గట్టిదే. అయితే ఇక్కడ వివాదం బ్లాకు చెల్లుబాటు గురించి కాదు, ఇంకా బ్లాకులో చేరని లావాదేవీని పొరుగువారికి అందించాలా వద్దా అన్నదాని గురించి మాత్రమే. నోడ్ అందించకపోయినా మైనరు నేరుగా తీసుకుని బ్లాకులో పెట్టుకోగలడు. 2017 నాటి విజయం ఇక్కడ పునరావృతమవుతుందని ఆశించడం తొందరపాటు.

ఇదంతా నాణేలు కొనేవారి గొడవ మాత్రమేనని భిలాయి వాసులు అనుకోవడానికి ఇక వీలులేదు. 2016లో ఏర్పడిన ఐఐటీ భిలాయిలో ఆర్థిక సాంకేతికతల కోసం కేంద్ర పథకం కింద ప్రత్యేక కేంద్రం పనిచేస్తోంది. ఇదే రాష్ట్రంలోని దంతెవాడ జిల్లాలో 7 లక్షలకు పైగా భూమి రికార్డులను అవలాంచ్ బ్లాక్‌చైన్‌తో అనుసంధానించినట్టు 2025లో వార్తలు వెలువడ్డాయి. అమరావతి రాజధాని ప్రాంత భూముల విషయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017లోనే ఇలాంటి ప్రయోగాన్ని ప్రకటించింది. బ్లాక్‌చైన్‌లో ఉన్న రికార్డు ఎక్కించిన తరువాత మారలేదని నిరూపించవచ్చు. ఎక్కించిన రోజున అది నిజమేనా అన్నది ఏ నోడూ చెప్పలేదు, ఆ పని ఇప్పటికీ పట్వారీదే. మారలేదన్న నిరూపణకు కూడా ఎవరో ఒకరు స్వతంత్రంగా ప్రతిని ఉంచుకుని సరిచూడాలి. అవలాంచ్‌లో నిర్ధారకుడు కావడానికి కనీసం 2,000 ఎవాక్స్ నాణేలు పందెం పెట్టాలి. ఊరికే చూసి సరిపోల్చుకునే నోడ్‌కు ఆ షరతు లేదు. దంతెవాడ రైతు తరఫున ఆ నోడ్‌ను న్యాయసేవా సంస్థ నడుపుతుందా, విశ్వవిద్యాలయం నడుపుతుందా, లేక రికార్డు రాసే కార్యాలయమే తన రాతకు తానే సాక్షిగా నిలుస్తుందా అన్నది ఈ పథకాలు రూపొందించేవారు ముందుగా జవాబు చెప్పవలసిన ప్రశ్న.